హెడ్‌ఫోను తీగల వెలయు, విలువయు

మన పాఠశాలల బాలబాలికలకు ఇంట ఒక భాష, వీధిలో మరియొక భాష. మంచి తెలుగు ఉచ్చారణ వారి చెవిని బడుటకు ఇల్లు, తరగతి గది తప్ప వేరు తావులు అరుదు. ఆ కొఱతను కొంతవఱకు తీర్చినవి ధ్వనిముద్రణలు. పద్యపఠనము, హరికథ, నాటకము, ఉపన్యాసము ఇవన్నియు నేడు హెడ్‌ఫోను చెవికి తగిలించుకొని ఎక్కడనైనను వినవచ్చును. కాబట్టి పలకకును, పుస్తకమునకును సరసన హెడ్‌ఫోను కూడ విద్యాసాధనములలో చేరినదని చెప్పుట అతిశయోక్తి కాదు.

సాధనముతో పాటు వ్యాపారమును వెంట వచ్చినది. కొన్ని హెడ్‌ఫోనులకు తీగను ఊడదీసి మరల తగిలించుకొను వీలు కలదు. అట్టి వానితో వచ్చిన తీగను తీసివేసి, దాని స్థానమున తగిలించుకొనుటకు వేఱొక తీగను విడిగా అమ్ముచున్నారు. అందు కొన్నింటి వెల వందలలో నుండును, కొన్ని వేలు, లక్ష రూపాయలు దాటిన తీగలును కలవు. వెండితో చేసినవి, జడవలె అల్లినవి, బంగారు పూతతో తళతళలాడునవి, ఇట్లు పలు విధములు. ఇవి తగిలించుకొన్నచో సంగీతము స్వచ్ఛముగా వినబడుననియు, తంత్రుల నాదము విచ్చుకొనుననియు అమ్మువారు చెప్పుదురు. ఇది నిజమా? ఆ డబ్బు పెట్టుట తగునా? పై తరగతుల విద్యార్థులును, వారి తలిదండ్రులును మమ్ము పలుమారు అడిగిన ప్రశ్న యిది.

దీనికి సమాధానము చెప్పుటకు గొప్ప శాస్త్రజ్ఞానము అక్కఱలేదు. పదవ తరగతి పుస్తకములోని ఓమ్ నియమము, కొంచెము గణితము, కొంచెము ఓపిక చాలును. ఆ మూడింటిని చేతబట్టుకొని ఈ విషయమును విచారింతము.

హెడ్‌ఫోను పని చేయు విధము

హెడ్‌ఫోను అనగా చెవికి దగ్గఱగా అమర్చిన చిన్న స్పీకరు. సాధారణముగా ప్రతి చెవి గిన్నెలోను ఒక అయస్కాంతము, దాని నడుమ సన్నని తీగచుట్ట, ఆ చుట్టకు అంటిన పలుచని పొర యుండును. పాటకు తగినట్లు ఇటు నటు మాఱుచుండెడు విద్యుత్తు చుట్టలో ప్రవహించినపుడు చుట్ట కదలును. దానితో పొర కదలును. పొర గాలిని కదలించును. ఆ కదలికయే మనకు ధ్వనిగా వినబడును.

ఈ పరికరమునకు నూఱేండ్లకు మించిన చరిత్ర కలదు. అమెరికాలోని యూటా రాష్ట్రమున నేథానియల్ బాల్డ్విన్ అను నతడు 1910లో తాను చేసిన హెడ్‌ఫోనులను ఆ దేశపు నౌకాదళమునకు పంపెను. చలించెడు తీగచుట్ట గల డి.టి. 48 అను హెడ్‌ఫోను 1937లో జర్మనీయందు బేయర్ వారి కర్మాగారము నుండి వెలువడెను. ఇంట కూర్చుండి స్టీరియో సంగీతము వినుటకు 1958లో అమెరికాలో జాన్ కాస్ ఒక హెడ్‌ఫోనును సిద్ధపఱచెను. 1979లో జపానునందు సోనీ వారి వాక్‌మన్ వచ్చిన పిదప ఈ సాధనము వీధిలోనికి, బండిలోనికి, బడిపిల్లల చేతిలోనికి వచ్చినది.

ఈ చరిత్ర యంతటిలోను తీగ చేసిన పని యొక్కటే: యంత్రము నుండి బయలుదేఱిన విద్యుత్తును చెవి గిన్నె వఱకు చేర్చుట. చెఱువు తూము నుండి పొలమునకు నీరు తెచ్చు పంటకాలువ వంటిది తీగ. కాలువ నీటిని పుట్టింపదు; ఉన్న నీటిని తీపి చేయదు. దాని గొప్పతన మంతయు దారిలో నీటిని పోగొట్టకుండుటయందే యున్నది. కాబట్టి మన ప్రశ్నను ఇట్లు మార్చుకొనవచ్చును: మామూలు తీగ దారిలో ఎంత పోగొట్టుచున్నది? ఖరీదైన తీగ అందులో ఎంత మిగుల్చుచున్నది?

లెక్క వేసి చూతము

ప్రతి లోహమును విద్యుత్ప్రవాహమును కొంత అడ్డును. దీనినే నిరోధము అందుము. జర్మనీ శాస్త్రజ్ఞుడు గెయోర్గ్ సైమన్ ఓమ్ 1827లో ప్రకటించిన గ్రంథమున దీనిని నియమబద్ధము చేసెను. నిరోధమును కొలుచు ప్రమాణమునకు ఆయన పేరే నిలిచినది. ఒక మీటరు పొడవును, ఒక చదరపు మిల్లీమీటరు అడ్డుకోతయు గల రాగి తీగకు 20 డిగ్రీల వేడిమి వద్ద నిరోధము 0.0168 ఓములు. అంతే కొలత గల వెండి తీగకు 0.0159 ఓములు. లోహము లన్నింటిలో విద్యుత్తును మిక్కిలి సులభముగా పోనిచ్చునది వెండియే. కాని రాగికిని వెండికిని గల భేదము నూటికి ఐదారు పాళ్లు మాత్రమే యని గమనింపవలెను.

ఇపుడొక మామూలు హెడ్‌ఫోను తీగను తీసికొందము. పొడవు 1.2 మీటర్లు, లోపలి రాగి పోగు లన్నియు కలిసి 0.32 మిల్లీమీటరు వ్యాసము గల తీగకు సమాన మనుకొందము. విద్యుత్తు పోవలెను, తిరిగి రావలెను. కాబట్టి దారి మొత్తము 2.4 మీటర్లు. అడ్డుకోత సుమారు 0.08 చదరపు మిల్లీమీటరు. లెక్క కట్టినచో నిరోధము దాదాపు 0.5 ఓము. దీనినే వెండితో చేసినచో దాదాపు 0.47 ఓము. వెండి వలన తగ్గినది 0.03 ఓము.

చెవి గిన్నెలోని చుట్ట నిరోధము ఎంత? చేతి ఫోనులతో వాడుకొను హెడ్‌ఫోనులకు సాధారణముగా 16 లేక 32 ఓములు. సంగీతము ముద్రించు స్టూడియోలలో వాడు కొన్నింటికి 250, 300 ఓములు కూడ నుండును; 1997లో జర్మనీ నుండి వచ్చి నేటికిని పేరు నిలుపుకొన్న సెన్‌హైజర్ హెచ్.డి. 600 అట్టిదే. దానికి 300 ఓములు, తీగను ఊడదీయవచ్చును.

32 ఓముల హెడ్‌ఫోనునకు రాగి తీగ తగిలించినపుడు, యంత్రము పంపిన వోల్టేజిలో నూటికి 98.46 పాళ్లు చెవి గిన్నెకు చేరును. వెండి తీగ తగిలించినచో 98.55 పాళ్లు చేరును. భేదము వేయింట ఒక్క పాలైనను లేదు. ధ్వని తీవ్రతను కొలుచు డెసిబెల్ లెక్కలో చెప్పవలెనన్న ఇది ఒక డెసిబెల్‌లో నూఱవ వంతుకు లోపు. మామూలుగా మనుష్యుని చెవి ఒక డెసిబెల్ భేదమును గుర్తించుటయే కష్టము. మిక్కిలి నిశ్శబ్దమైన గదిలో, శ్రద్ధగా విన్నపుడు అందులో కొంత భాగమును గుర్తింపవచ్చును. నూఱవ వంతును గుర్తించుట సాధ్యము కాదు. ఇక 300 ఓముల హెడ్‌ఫోను విషయమున రాగికిని వెండికిని గల భేదము పదివేలింట ఒక పాలు మాత్రమే.

మరియొక వింత గమనింపుడు. వెండి వలన వచ్చిన ఆ కొద్ది లాభమును రాగితోనే పొందవలెనన్న ఏమి చేయవలెను? 0.32 మిల్లీమీటరునకు మాఱుగా 0.33 మిల్లీమీటరు లావు గల రాగి తీగ వాడిన చాలును. మిల్లీమీటరులో నూఱవ వంతు లావు పెంచి సాధింపదగిన దానికి వేల రూపాయలు పోయుట కొండను త్రవ్వి ఎలుకను పట్టుట వంటిది. తీగను రెండింతల లావు చేసినచో నిరోధము నాలుగవ వంతునకు దిగును. దీని కగు రాగి వెల కొద్ది రూపాయలే.

అమ్మువారు చెప్పు తక్కిన మాటలు

వెండి గాక ఇంకను పెక్కు గుణములను వర్ణింతురు. వానిని ఒక్కొక్కటిగా చూతము.

మొదటిది ఆమ్లజని లేని రాగి. రాగిని శుద్ధి చేయునపుడు అందులో మిగిలిన ఆమ్లజనిని తొలగించి ఈ రకమును చేయుదురు. వేడిమి తగిలెడు చోట్లను, శూన్యనాళికలలోను దీనికి నిజమైన ప్రయోజనము కలదు. కాని మామూలు విద్యుత్తీగల రాగియే నూటికి 99.9 పాళ్లు స్వచ్ఛమైనది. రెండింటి వాహకతలకు గల భేదము నూటికి ఒక పాలు దాటదు. వెండి తెచ్చిన భేదమే చెవికి అందనపుడు, అందులో ఐదవ వంతైనను లేని దీని మాట చెప్పనేల?

రెండవది బంగారు పూత. చదువరులలో పలువురకు ఆశ్చర్యము కలిగింపవచ్చును గాని, విద్యుత్తును పోనిచ్చుటలో బంగారము రాగి కంటె తక్కువది. దాని నిరోధము రాగి కంటె సుమారు ఒకటిన్నర రెట్లు. మఱి పూత యెందుకు? బంగారము త్రుప్పు పట్టదు, చిలుము పట్టదు. మాటిమాటికి పెట్టి తీయు పిన్నునకు అది మేలు చేయును. ఆ పూత మిక్కిలి పలుచనిది. వందల రూపాయల తీగకును అది యుండును. కాబట్టి అది వేల రూపాయలకు కారణము కాజాలదు.

మూడవది, హెచ్చు పౌనఃపున్యము గల విద్యుత్తు తీగ పై పొరలోనే ప్రవహించునను మాట. ఇది సత్యమే; రేడియో పనివారికి ఇది ముఖ్యమైన విషయము. కాని మన చెవికి వినబడు హద్దు 20 హెర్ట్జ్ మొదలు 20,000 హెర్ట్జ్ వఱకు. ఆ పై హద్దు వద్ద కూడ విద్యుత్తు రాగిలో దాదాపు 0.47 మిల్లీమీటరు లోతు వఱకు చొచ్చుకొని పోవును. మన తీగ వ్యాసార్ధము 0.16 మిల్లీమీటరు. అనగా నడిమి భాగము వఱకును విద్యుత్తు నిండుగా ప్రవహించుచునే యున్నది.

నాల్గవది కెపాసిటెన్సు అను గుణము. పక్కపక్కన నున్న రెండు తీగలు కొంత విద్యుత్తును నిలువ చేసికొని, హెచ్చు స్వరములను తగ్గింపగలవు. మీటరునకు 100 పికోఫారడ్ల చొప్పున మూడు మీటర్ల తీగకు 300 అనుకొందము. యంత్రము లోపలి నిరోధము 10 ఓము లనుకొందము. లెక్క చూచినచో స్వరములు తగ్గుట సుమారు 5 కోట్ల హెర్ట్జ్ వద్ద గాని తెలియదు. మన చెవి 20,000 వద్దనే ఆగిపోయినది.

ఐదవది బాణపు గుర్తు. కొన్ని తీగలపై విద్యుత్తు ఈ దిక్కుననే పోవలెనని బాణము గీసి యుండును. పాటను మోయు విద్యుత్తు క్షణమునకు వందలు, వేల మార్లు దిక్కు మార్చుకొనుచుండును. అది ఎంత పోవునో అంతయు తిరిగి వచ్చును. అట్టి దానికి ఒక దిక్కు నిర్ణయించుట ఊయలకు ముందు దిక్కు మాత్రమే యుండవలె ననుట వంటిది. అటులనే కొత్త తీగ వందల గంటలు వాడిన పిదప గాని మంచి ధ్వని నీయదను మాటకును ఆధారము కానరాదు. ఒక్క సంగతి మాత్రము నిజము: అన్ని గంటలు గడచుసరికి చెవి ఆ ధ్వనికి అలవాటు పడును, సరకు తిరిగి ఇచ్చు గడువును దాటిపోవును.

తీగ వలన నిజముగా భేదము కలుగు తావులు

ఇంతవఱకు చెప్పిన దానిని బట్టి తీగలన్నియు ఒక్కటే యని తీర్పు చెప్పుట తొందరపాటు. తీగ మార్చుట తగిన పని యగు సందర్భములు కొన్ని కలవు. వానిని దాచుట న్యాయము కాదు.

ఒకటి, తీగ తెగుట. హెడ్‌ఫోనులలో అన్నిటి కంటె ముందు చెడునది తీగయే. అందును పిన్ను మొదట, మడతపడు చోట. మా పాఠశాలలో పాఠములు వినుటకు ఉంచిన హెడ్‌ఫోనులలో మూలబడిన వానిని విప్పి చూడగా, చెవి గిన్నెలు చక్కగా నున్నవి, తెగినది తీగలే. ఊడదీయుటకు వీలున్న తీగ యైనచో సాధారణమైన కొత్త తీగ కొని తగిలింపవచ్చును. వీలు లేనిచో తెగిన చోటు కత్తిరించి కొత్త పిన్నును టంకము పెట్టి అతుకవచ్చును. ఈ విద్య తొమ్మిదవ తరగతి పిల్లవాడు పెద్దల పర్యవేక్షణమున ఒక మధ్యాహ్నములో నేర్వగలడు.

రెండు, అతి తక్కువ అవరోధము గల చెవి లోపలి ఇయర్‌ఫోనులు. కొన్నింటి లోపల ఒక్కొక్క చెవికి పలు చిన్న స్పీకర్లుండును. వాని అవరోధము ఒక స్వరము వద్ద 5 ఓములు, మరియొక స్వరము వద్ద 40 ఓములు, ఇట్లు మాఱుచుండును. తీగ నిరోధము అర ఓము అయినచో మొదటి స్వరము 0.8 డెసిబెల్ తగ్గును, రెండవది 0.1 మాత్రమే తగ్గును. ఈ హెచ్చుతగ్గు శ్రద్ధగా విను చెవికి తెలియవచ్చును. ఇక్కడ నిరోధము తక్కువ గల తీగ ఉపకరించును. ఐనను అది లావైన రాగి తీగతోనే సిద్ధించును గాని, అధికమైన వెలతో కాదు. యంత్రము లోపలి నిరోధము ఎక్కువైనచో దాని ప్రభావము తీగ ప్రభావము కంటె పెక్కు రెట్లుండునని కూడ మఱవరాదు.

మూడు, తిరుగు తీగ. కొన్ని చౌక తీగలలో కుడి చెవికిని ఎడమ చెవికిని తిరుగు దారి ఒక్కటే. అప్పుడు ఒక చెవి ధ్వని కొంచెము రెండవ చెవిలోనికి జొరబడును. ఉమ్మడి దారి నిరోధము పావు ఓము, చెవి గిన్నె 32 ఓములు అయినచో సుమారు 128 పాళ్లలో ఒక పాలు జొరబడును. పిన్ను వఱకు నాలుగు విడి పోగులు గల తీగ దీనిని తగ్గించును. ఇదియును వేల రూపాయల వస్తువు కాదు.

నాలుగు, పిన్ను భేదము. కొన్ని యంత్రములకు కుడి ఎడమలను పూర్తిగా వేఱుపఱచిన 4.4 మిల్లీమీటర్ల రంధ్ర ముండును. మన హెడ్‌ఫోనునకు 3.5 మిల్లీమీటర్ల పిన్ను మాత్రమే యుండును. ఆ రంధ్రమును వాడుకొనుటకు తగిన తీగ కొనక తప్పదు. ఇక్కడ ఒక మాయ దాగి యున్నది. అట్టి రంధ్రము నుండి వోల్టేజి రెండింతల వఱకు రావచ్చును. అనగా ధ్వని 6 డెసిబెల్ పెరుగును. పెద్దగా వినబడినది మనకు ఇంపుగా తోచును. మేలు చేసినది యంత్రము. కీర్తి పొందినది తీగ.

ఐదు, తీగ రాపిడి. చెవిలోపల పెట్టుకొను ఇయర్‌ఫోను తీగ చొక్కాకు తగిలినపుడెల్ల గరగర శబ్దము చెవికి చేరును. మెత్తని తీగ యైనచో ఇది తగ్గును. ఇది విద్యుత్తునకు సంబంధించినది కాదు, పాముకొనుటకు సంబంధించినది. అటులనే చాలినంత పొడవు, చిక్కుపడకుండుట, చేతికి హాయిగా నుండుట ఇవన్నియు న్యాయమైన కారణములే.

మఱి పెద్దలు కూడ భేదము వినబడినదని ఏల చెప్పుచున్నారు?

వారు అబద్ధమాడుచున్నారని మేము అనము. మనుష్యుని చెవి ఒంటరిగా వినదు. కన్ను, మనస్సు, ఖర్చు పెట్టిన రూపాయి కూడ దానితో కలిసి వినును. ఈ విషయమున విజ్ఞాన చరిత్రలో ఒక ప్రసిద్ధమైన ఉదాహరణము కలదు. 1903లో ఫ్రాన్సులోని నాన్సీ నగరమున బ్లోండ్లో అను పేరుపొందిన ఆచార్యుడు ఎన్ కిరణములు అను కొత్త కిరణములను కనుగొంటినని ప్రకటించెను. మఱి పెక్కుమంది శాస్త్రజ్ఞులు తమకును అవి కనబడినవనిరి. 1904లో అమెరికా భౌతిక శాస్త్రజ్ఞుడు రాబర్ట్ వుడ్ ఆ ప్రయోగశాలకు పోయి, చీకటిగదిలో పరీక్ష జరుగుచుండగా, కిరణములను విడదీయు అల్యూమినియపు పట్టకమును ఎవరికిని తెలియకుండ తీసివేసెను. ఐనను చూచువారు కిరణములను మునుపటివలెనే చూచి, కొలతలు చెప్పుచునే యుండిరి. వారు మోసగాండ్రు కారు, విద్వాంసులు. చూడగోరిన దానిని చూచిరి, అంతే.

తీగ విషయమునను ఇదియే జరుగును. కొత్త తీగ తగిలించునపుడు హెడ్‌ఫోనును తీసి మరల పెట్టుకొందుము. గిన్నె చెవిపై కొంచెము జరిగినను ధ్వని మాఱును. ఆ మార్పు తీగ మార్పు కంటె ఎన్నో రెట్లు పెద్దది. పాత పిన్నుకు పట్టిన చిలుము, ఊడదీసి పెట్టుటతో రాలిపోయినను ధ్వని బాగుపడును. తీగ మార్చు రెండు మూడు నిమిషములలో మునుపటి ధ్వని జ్ఞాపకము చెదరిపోవును. వీని కన్నిటికి మించి, వేలు పోసి కొన్నది బాగుగా లేదని ఒప్పుకొనుటకు మనసు ఒప్పదు.

2007లో అమెరికాలో ఇట్టి వాదమే స్పీకరు తీగల విషయమున చెలరేగినది. ఏడువేల డాలర్లకు మించిన వెల గల ఒక తీగను మామూలు తీగ నుండి చెవితో మాత్రమే గుర్తింపగల వారికి పది లక్షల డాలర్లు ఇత్తునని జేమ్స్ రాండీ అను ప్రసిద్ధ ఐంద్రజాలికుడు పందెము ప్రకటించెను. ఆ పరీక్ష జరుగనే లేదు. 2015లో బహుమాన పద్ధతి ముగియు వఱకును ఆ సొమ్ము ఎవరికిని చెల్లలేదు.

మీరే పరీక్షింపుడు

మా మాటను గాని, అమ్మువాని మాటను గాని నమ్మి ఊరకుండ నక్కఱలేదు. 1950లో అమెరికాలోని బెల్ టెలిఫోను ప్రయోగశాలలకు చెందిన మన్సన్, గార్డ్‌నర్ అను వారు వినికిడి పరీక్షకు ఒక పద్ధతిని వివరించిరి. మొదటి ధ్వనిని, రెండవ ధ్వనిని వినిపించి, తరువాత వినిపించునది ఆ రెంటిలో దేనిని పోలియున్నదో చెప్పుమందురు. ఈ పద్ధతిని కొంచెము సులభము చేసి మన పాఠశాలలోనే చేయవచ్చును.

ఒకే పిన్ను గల రెండు తీగలు తీసికొనుడు. వినువాని కన్నులకు గుడ్డ కట్టుడు. తీగ అతని చేతికి, మెడకు తగులరాదు, బరువును బట్టి గుర్తింపవచ్చును. మొదట ఏ తీగ యేదో చెప్పుచు రెండింటిని వినిపింపుడు. పిదప ఒకడు ప్రక్క గదిలో నాణెము నెగురవైచి, బొమ్మ పడినచో ఒక తీగను, బొరుసు పడినచో రెండవ తీగను తగిలించి, ఏ మాటయు పలుకక హెడ్‌ఫోనును తెచ్చి పెట్టవలెను. తీగ మాఱకున్నను ఒకసారి ఊడదీసి పెట్టవలెను. లేనిచో పట్టిన కాలమును బట్టి గుట్టు తెలియును. ధ్వని పరిమాణమును కదలింపరాదు. ఇట్లు పది మార్లు చేసి, సరియైన సమాధానము లెన్నియో వ్రాసికొనుడు.

ఏమియు వినబడకున్నను ఊహతోనే ఐదు సరిపోవుట సహజము. ఏడు సరిపోయినను గంతులు వేయరాదు. పదింట తొమ్మిది గాని, పది గాని అదృష్టవశమున సరిపోవుటకు అవకాశము 1024లో 11, అనగా నూటికి సుమారు ఒకటి. ఆ మాత్రము సాధించినవాని మాట వినదగినది. కాని నలుబది మంది పరీక్షకు నిలిచినచో వారిలో ఒకనికి అదృష్టవశముననే తొమ్మిది రావచ్చును. కాబట్టి వానిని మరునాడు మరల పరీక్షింపవలెను. నిజముగా వినగలవాడు రెండవసారియు గెలుచును. అట్లు గెలిచినచో మేము ఇచట వ్రాసినది తప్పని సంతోషముగా ఒప్పుకొందుము. సత్యము నెగ్గినది గదా!

డబ్బు ఎక్కడ పెట్టదగును?

హెడ్‌ఫోనుల ధ్వనిని ఎక్కువగా మార్చునవి క్రమముగా ఇవి: మొదట చెవి గిన్నెయు దాని లోపలి స్పీకరును, తరువాత అది చెవికి కుదురుకొనిన తీరును, మెత్తల స్థితియు, పిదప ధ్వనిముద్రణ యెంత చక్కగా జరిగినదను విషయము, ఆపై యంత్రము. చిరిగిన మెత్తలు మార్చినచో మంద్రస్వరములు తిరిగి వచ్చును. ఆ భేదము పసివానికి కూడ తెలియును. చెడని తీగ వీని కన్నింటికి వెనుక నున్నది.

కొనునపుడు విద్యార్థులు తెలుగు మాటలతోనే పరీక్ష చేయవచ్చును. తమకు పరిచితమైన పఠనమును వినుచు, ‘ల’కును ‘ళ’కును, ‘స’కును ‘శ’కును భేదము స్పష్టముగా తెలియుచున్నదా, ఒత్తులు వినబడుచున్నవా అని గమనింపవలెను. స, శల భేదము హెచ్చు పౌనఃపున్యములలో నుండును. స్పీకరు మంచిది కానిచో మొదట మసకబారునది అదియే. భాష నేర్చుకొను పిల్లవానికి ఇంతకంటె కావలసిన గుణము లేదు.

మన సంఘము వారు విను గదికై ఇచ్చు సొమ్ము పరిమితమైనది. ఒక్క విలువైన తీగ వెలతో సామాన్యమైన హెడ్‌ఫోనులు పది కొన్నచో పదిమంది పిల్లలు ఒక్కసారిగా పాఠము వినవచ్చును. తెగినవానికి సాధారణమైన తీగలు కొంటిమి. కొన్నింటిని పిల్లలే అతికిరి. ఇంతకు మించిన తీర్పు మా కడ లేదు. సొంత సొమ్ము గలవారు అందము కొఱకో, మెత్తదనము కొఱకో మంచి తీగ కొనుట తప్పు కాదు. అందమైన చేతిగడియారము కొన్నవానిని మనము నిందింపము. ధ్వని కొఱకని కొనుట మాత్రము వ్యర్థము.

చివరిగా, తీగ కంటె విలువైన భాగమొకటి కలదు, అది చెవి. దానిని ఊడదీసి మార్చుకొను వీలు లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థయు, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘమును కలిసి 2018లో రూపొందించిన ప్రమాణము ప్రకారము, పెద్దలు వారమునకు 40 గంటలు వినునపుడు ధ్వని 80 డెసిబెల్‌ను, పిల్లలు వినునపుడు 75 డెసిబెల్‌ను దాటరాదు. మూడు డెసిబెల్ పెరిగినచో వినదగిన కాలము సగమగును. హెడ్‌ఫోను పెట్టుకొని యుండగా ప్రక్కవాడు మామూలు గొంతుతో పిలిచిన పిలుపు వినబడనిచో ధ్వని హెచ్చినదని గుర్తించి తగ్గించుకొనుడు. దీనికి ఒక్క రూపాయియు ఖర్చు లేదు.